ప్రైవేట్ రాకెట్ కంపెనీలు, వాటిని నడిపే బాసులు: మళ్లీ మళ్లీ అడుగుతున్న డౌట్లన్నీ ఒక్కచోట

రాకెట్ల గురించి రాస్తుంటానని తెలిసిన దగ్గర్నుంచి పెళ్లికెళ్లినా, పాత కాలేజీ గ్రూపులో గుడ్ మార్నింగ్ పెట్టినా నాకొచ్చే డౌట్లు ఒక ఇరవై, అవే తిరిగి తిరిగి వస్తాయి. ప్రతిసారీ కొత్తగా టైప్ చేసే ఓపిక అయిపోయింది. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, దేనికది విడిగా జవాబు రాశా. మీకు కావాల్సింది చూసుకుని చదువుకోండి, మొదట్నుంచి చదవాలని రూలేం లేదు.

## ముందు బేసిక్స్

ప్రైవేట్ రాకెట్ కంపెనీ అంటే గవర్నమెంట్ డబ్బుతో సంబంధం లేనట్టేనా?

అస్సలు కాదు. స్పేస్‌ఎక్స్‌నే తీసుకోండి, 2006 ఆగస్టులో నాసా 27.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది, అప్పటికి వాళ్లు ఎగరేసిన ఒకే ఒక్క రాకెట్ సముద్రంలో పడి అయిదు నెలలు కూడా కాలేదు. 2008 డిసెంబర్ 23న ఇంకో 160 కోట్ల డాలర్లు, స్పేస్ స్టేషన్‌కి 12 సార్లు సరుకు చేరవేయడానికి. ఆ రెండోది రాకపోతే ఇవాళ మనం ఈ పేరు కూడా చెప్పుకునేవాళ్లం కాదేమో.

తేడా ఉన్నది డబ్బు ఇచ్చే పద్ధతిలో. ఇల్లు రోజుకూలికి కట్టించుకోవడానికీ గుత్తకి ఇచ్చేయడానికీ ఉన్న తేడా అన్నమాట. పాత పద్ధతిలో కంపెనీకి ఎంత ఖర్చయితే అంతా ఇచ్చి పైన లాభం కూడా ఇచ్చేవాళ్లు, పని సాగితే మేస్త్రీకే మంచిది. గుత్త పద్ధతిలో ఇంత అంటే ఇంతే, లేటైతే నష్టం నీది. ఈ ఒక్క మార్పు వల్లే కంపెనీలో ప్రతి బోల్ట్ రేటు ఎవడో ఒకడు అడగడం మొదలుపెట్టాడు.

లీడర్‌షిప్ కల్చర్ అంటే ఏంటసలు? గోడ మీద కొటేషన్లు పెట్టుకోవడమా?

నా లెక్కలో రెండే రెండు చూడాలి. ఒకటి, కింద టెక్నీషియన్‌కి కనిపించిన పగులు సంగతి పై బాస్ చెవిన పడటానికి గంట పడుతుందా, మూడు నెలలు పడుతుందా. రెండు, నిర్ణయం తీసుకునేవాడు ఆ వస్తువుని చేత్తో పట్టుకుని చూశాడా, లేక దాని మీద వేసిన పీపీటీని చూశాడా. ఈ రెండూ బాగున్న కంపెనీలో బాస్ మంచోడైనా చిరాకు మనిషైనా రాకెట్ లేస్తది. ఇవి బాలేకపోతే హెచ్ఆర్ వాళ్లు ఎన్ని టీషర్టులు పంచినా లేవదు.

ఈ ఫీల్డ్‌లో ఎవరెవరున్నారు, టూకీగా చెప్పండి

అమెరికాలో స్పేస్‌ఎక్స్ (2002, ఎలాన్ మస్క్), బ్లూ ఆరిజిన్ (2000, జెఫ్ బెజోస్), ఫైర్‌ఫ్లై, రిలేటివిటీ. న్యూజిలాండ్‌లో పుట్టి అమెరికాకి మారిన రాకెట్ ల్యాబ్ (2006, పీటర్ బెక్). మన దగ్గర హైదరాబాద్‌లో స్కైరూట్, చెన్నైలో అగ్నికుల్. ఇంకా చాలా ఉన్నాయి కానీ డౌట్లన్నీ వీటి చుట్టూనే వస్తున్నాయి.

## మొదలుపెట్టే దశ

మస్క్‌కి రాకెట్ల గురించి ఏమీ తెలియకుండానే కంపెనీ పెట్టేశాడంటారు, నిజమేనా?

సగం నిజం. ఫిజిక్స్, ఎకనామిక్స్ చదివాడు, రాకెట్లు కట్టిన అనుభవం సున్నా. ముందు రష్యాకెళ్లి పాత మిసైల్ కొనాలని చూశాడు, వాళ్లు చెప్పిన రేటుకి కళ్లు తిరిగి, అసలు రాకెట్‌లో ముడిసరుకు ఖరీదెంత అని లెక్కేసుకుంటే అమ్మే రేటులో అది చాలా చిన్న ముక్క అని తేలింది. మిగతాదంతా ఎటు పోతోందన్న ప్రశ్నతోనే కంపెనీ మొదలైంది, పేపాల్ అమ్మితే వచ్చిన దాంట్లోంచి దాదాపు 10 కోట్ల డాలర్లు సొంతంగా పెట్టాడు.

కానీ ఇంజన్ కట్టింది ఆయన కాదు. టామ్ ముల్లర్ అని టీఆర్‌డబ్ల్యూ కంపెనీలో ఇంజన్ల ఇంజనీర్, ఆఫీసులో పని చాలక వీకెండ్స్‌లో సొంతంగా పెద్ద లిక్విడ్ ఇంజన్ ఒకటి కట్టుకుంటున్నాడు. మస్క్ వెళ్లి ఆ ఇంజన్ చూసి, ఇంతకన్నా పెద్దది కట్టగలవా అన్నట్టు అడిగి తెచ్చుకున్నాడు. రెజ్యూమె చూసి కాకుండా షెడ్డులో పనిచేస్తుంటే చూసి మనిషిని ఎంచుకున్నాడు, నాకు అక్కడ నచ్చింది అదే.

డబ్బుంటే ఎవడైనా చేస్తాడు కదా అన్నా, ఇందులో గొప్పేముంది?

డబ్బుండి చేయలేకపోయినవాళ్లున్నారు తమ్ముడూ. టెక్సస్‌లో ఆండ్రూ బీల్ అని బ్యాంకర్, 1997లో రాకెట్ కంపెనీ పెట్టి పెద్ద ఇంజన్ కాల్చి కూడా చూపించాడు, నాసా తనే డబ్బులిచ్చి పోటీ రాకెట్లు పెంచుతుంటే ప్రైవేటోడు ఎలా బతుకుతాడని 2000 అక్టోబర్‌లో షట్టర్ దించేశాడు. టెక్సస్ మెక్‌గ్రెగర్‌లో ఆయన వదిలేసిన టెస్ట్ సైట్‌నే తర్వాత స్పేస్‌ఎక్స్ తీసుకుంది, ఇప్పటికీ వాళ్ల ఇంజన్లు అక్కడే కాలుస్తారు.

బెజోస్ సంగతి చూడండి. బ్లూ ఆరిజిన్ స్పేస్‌ఎక్స్ కన్నా రెండేళ్లు ముందు పుట్టింది, ఆయన జేబు ఇంకా పెద్దది. ఆర్బిట్‌కి, అంటే భూమి చుట్టూ తిరిగే కక్ష్యకి, మాత్రం స్పేస్‌ఎక్స్ 2008లో చేరితే వీళ్లు చేరింది 2025 జనవరిలో. డబ్బు లేకపోతే కుదరదు, అది నిజమే. డబ్బు ఎక్కువైతే తొందర ఉండదు, అది కూడా ఒక జబ్బే.

డిగ్రీ లేకుండా రాకెట్ కంపెనీ పెట్టొచ్చా? పీటర్ బెక్‌కి డిగ్రీ లేదంట కదా

లేదు. న్యూజిలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊరు ఆయనది. ఫిషర్ అండ్ పైకెల్ అని వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్లు చేసే కంపెనీలో టూల్ అండ్ డై అప్రెంటిస్‌గా చేరాడు, మన భాషలో చెప్పాలంటే ఐటీఐ కుర్రాడు. పగలు డైలు చేస్తూ రాత్రిళ్లు అదే వర్క్‌షాప్‌లో రాకెట్ కట్టిన సైకిలు లాంటివి చేసుకునేవాడు. 2006లో రాకెట్ ల్యాబ్ పెట్టాడు, 2009లో చిన్న రాకెట్ అంతరిక్షం అంచుకి పంపాడు, 2018 జనవరిలో వాళ్ల ఎలక్ట్రాన్ రాకెట్ ఆర్బిట్‌కి చేరింది.

ఆయన కల్చర్ మస్క్‌ది కాదు. ఎలక్ట్రాన్ మొదటి ఫ్లైట్ 2017 మేలో జరిగింది, దానికి "ఇది టెస్ట్" అని పేరు పెట్టుకున్నారు. అది అంతరిక్షానికి వెళ్లింది కానీ నేల మీద డేటా అందుకునే ఒక పరికరంలో సెట్టింగ్ తప్పై సిగ్నల్ పోయింది, రాకెట్ బాగానే ఉన్నా రూల్ ప్రకారం ఆపేయాల్సొచ్చింది. రెండోదానికి పేరు "ఇంకా టెస్టింగే". పేరులోనే వినయం ఉంది చూడండి.

ఇంకొకటి నాకు బాగా ఇష్టం. రాకెట్‌ని తిరిగి వాడటం, పెద్ద రాకెట్ కట్టడం మేం చేయం, చేస్తే నా టోపీ నేనే తింటా అని పబ్లిక్‌గా అనేవాడు. 2021 మార్చిలో న్యూట్రాన్ అనే పెద్ద రాకెట్ ప్రకటిస్తూ వీడియోలో టోపీని మిక్సీలో వేసి నిజంగానే నోట్లో పెట్టుకున్నాడు. నేను తప్పు అని బాస్ కెమెరా ముందు ఒప్పుకుంటే కింద ఇంజనీర్‌కి తన తప్పు చెప్పడం ఎంత తేలికవుద్దో ఆలోచించండి.

## పేలిపోయే దశ

స్పేస్‌ఎక్స్ మొదటి రాకెట్ ఫాల్కన్ 1 మూడు సార్లు ఎందుకు ఫెయిలైంది? ఒక్కొక్కటి వివరంగా చెప్పండి

మూడుసార్లు మూడు వేరే కారణాలు, మూడూ చూడ్డానికి చిన్నవే.

2006 మార్చి 24. పసిఫిక్‌లో మార్షల్ దీవుల్లో ఓమెలెక్ అని చిన్న కొబ్బరి చెట్ల దీవి, అక్కణ్నుంచి లేపారు. అర నిమిషానికి ఇంజన్ దగ్గర మంట, తిరిగి దీవి పక్కనే పడింది, లోపలున్న శాటిలైట్ ఎగిరొచ్చి వాళ్ల షెడ్డు కప్పులోంచే కింద పడింది. ఫ్యూయల్ పైపుని బిగించే అల్యూమినియం నట్ ఒకటి ఉప్పుగాలికి తుప్పుపట్టి చిట్లింది, కిరోసిన్ కారింది, అంటుకుంది. బాపట్లలోనో భీమిలిలోనో ఇల్లున్నవాళ్లని అడగండి, సముద్రం పక్కన గేటు బోల్ట్ ఎన్నాళ్లుంటదో చెప్తారు.

2007 మార్చి 21. ఈసారి దాదాపు 290 కిలోమీటర్ల దాకా పోయింది. బిందె నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే నీళ్లు అటూ ఇటూ ఊగి మనిషిని తూలిస్తాయే, అలా రెండో స్టేజి (రాకెట్‌లో విడిపోయే పై భాగం) ట్యాంకులో ఆక్సిజన్ ఊగి రాకెట్ తిరిగిపోయింది. ఊగకుండా లోపల అడ్డు పలకలు పెట్టొచ్చు, బరువు తగ్గుద్దని పెట్టలేదు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని సంగతేంటంటే, లాంచ్‌కి ముందు రాసుకున్న రిస్కుల లిస్టులో ఇది 11వ నంబర్‌లో ఉంది, వాళ్లు పట్టించుకుంది పైన ఉన్న పదిని.

2008 ఆగస్టు 3. కొత్త రకం ఇంజన్ పెట్టారు. మొదటి స్టేజి ఇంజన్ ఆపాక కూడా లోపల మిగిలిన కాస్త ఫ్యూయల్‌తో కొంచెం తోపు మిగిలింది, విడిపోయిన కింది స్టేజి వెనకనుంచి వచ్చి పై స్టేజిని గుద్దింది. మరి నేల మీద టెస్టుల్లో ఎందుకు కనపడలేదు? ఆ చివరి తోపు ఎంత చిన్నదంటే నేల మీద గాలి ఒత్తిడి దాన్ని మింగేసింది, పైన శూన్యంలో గాలి లేదుగా, బయటపడింది. పరిష్కారం ఏంటో తెలుసా, ఇంజన్ ఆపడానికీ స్టేజి విడిపోవడానికీ మధ్య గ్యాప్ కొన్ని సెకన్లు పెంచడం. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అంకె.

మూడోది పోయాక ఎనిమిది వారాల్లోనే నాలుగోది ఎలా ఎగరేశారు?

డబ్బులైపోయాయి కాబట్టి. ఇది జోక్ కాదు, ఇంకో ఏడాది ఆగే స్థోమతే లేదు. ఫ్యాక్టరీలో ఇంకొక్క రాకెట్‌కి సరిపడా పార్టులున్నాయి, వెంటనే కట్టి పంపుదాం అన్నాడు మస్క్, ఓడలో పంపితే వారాలు పడుతుందని అమెరికా ఎయిర్‌ఫోర్స్ సీ-17 విమానంలో ఎక్కించారు.

విమానం కిందికి దిగుతుంటే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరిగింది, రాకెట్ ట్యాంకులోకి గాలి అంత స్పీడుగా పోయే దారి లేదు. ఖాళీ వాటర్ బాటిల్ మూత బిగించి ఘాట్ రోడ్డు దిగితే నొక్కుకుపోద్ది చూడండి, అచ్చం అలా రాకెట్ ఒళ్లు టక్ టక్ మని లోపలికి పోవడం మొదలైంది. లోపలున్న ఇంజనీర్లు జేబు కత్తులతో ప్యాకింగ్ చింపారు, పైలట్ మళ్లీ పైకి లేపాడు, ఒకడు రాకెట్ సందులోకి దూరి స్పానర్‌తో లైన్ విప్పి గాలి పోనిచ్చాడు. ఎవడూ హెడాఫీసుకి ఫోన్ చేసి పర్మిషన్ అడగలేదు, అడిగే టైం లేదు.

దీవిలో దిగాక రాకెట్‌ని మొత్తం విప్పి చూసుకుని వారంలో బాగుచేశారు. 2008 సెప్టెంబర్ 28న ఎగిరింది, ప్రైవేటుగా తయారైన లిక్విడ్ ఇంజన్ రాకెట్ ఆర్బిట్‌కి చేరడం అదే మొదటిసారి. పైన ఎవరి శాటిలైటూ లేదు, 165 కిలోల డమ్మీ బరువు.

ఫెయిలైతే మస్క్ కింద వాళ్ల మీదకే తోసేస్తాడట, నిజమేనా?

జరిగింది. మొదటి రాకెట్ పడిపోయాక, ముందురోజు పైపు ఫిటింగ్ విప్పి బిగించినవాళ్లు సరిగా బిగించలేదన్నట్టు బయటికి చెప్పారు. ఆ పని చేసిన ఇంజనీర్ ఒకాయనకి కోపమొచ్చి నేరుగా హెడాఫీసుకెళ్లి గొడవపెట్టుకున్నాడు. తర్వాత విచారణలో తేలింది, మనిషి తప్పు కాదు, నట్‌కి పట్టిన తుప్పు. నట్లని స్టెయిన్‌లెస్ స్టీల్‌కి మార్చారు, కానీ ముందు అనేసిన ఆ మాట మాత్రం వెనక్కి వచ్చేది కాదు. మస్క్ అభిమానులు ఈ కథ చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేస్తారు, నేను దాటేయను.

అయితే 2015 జూన్ 28న స్పేస్ స్టేషన్‌కి సరుకు తీసుకెళ్తున్న వాళ్ల పెద్ద రాకెట్ ఫాల్కన్ 9 గాల్లో ముక్కలైనప్పుడు పద్ధతి మారినట్టు కనపడింది. ట్యాంకులో హీలియం సిలిండర్‌ని పట్టుకునే కమ్మీ, బయట సప్లయర్ దగ్గర కొన్నది, తట్టుకోవాల్సిన బలంలో చాలా తక్కువకే విరిగిందని తేల్చారు. ఇక నుంచి ప్రతి కమ్మీని విడిగా టెస్ట్ చేస్తామన్నారు. కానీ నాసా వేసిన కమిటీ ఆ గ్రేడ్ కమ్మీని అక్కడ వాడటమే డిజైన్ తప్పు అని స్పేస్‌ఎక్స్‌నే తప్పుపట్టింది. ఆరు నెలలకి, డిసెంబర్‌లో, మళ్లీ ఎగిరిన రాకెట్ తిరిగొచ్చి నిటారుగా నేల మీద దిగింది.

మా మేనేజర్ ఊరికే "ఫెయిల్ ఫాస్ట్" అంటుంటాడు, రాకెట్లలో అదే చేస్తారా?

లోపల మనుషులు లేనప్పుడు, కింద ఊరు లేనప్పుడు, పోయేది మన డబ్బే అయినప్పుడు చేస్తారు. ఈ మూడూ మర్చిపోయి ఆ మాట వాడేవాళ్లే ఎక్కువ.

స్పేస్‌ఎక్స్ భారీ రాకెట్ స్టార్‌షిప్ 2023 ఏప్రిల్ 20న మొదటిసారి లేచినప్పుడు లాంచ్ ప్యాడ్ కింద నీళ్లు చల్లే సిస్టం రెడీ కాలేదు, కాంక్రీట్ తట్టుకుంటదిలే అనుకున్నారు. 33 ఇంజన్ల దెబ్బకి కాంక్రీట్ లేచిపోయి గొయ్యి పడింది, కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి మీద ఇసుక దుమ్ము రాలింది. అమెరికా విమానయాన శాఖ 63 మార్పులు చేయమంది. అది ఫెయిల్ ఫాస్ట్ కాదండి, ఓపిక లేకపోవడం. అదే కంపెనీ మనుషుల్ని తీసుకెళ్లే డ్రాగన్ విషయంలో నాసా అడిగిన ప్రతి టెస్టూ చేసింది, 2019 ఏప్రిల్‌లో ఒక క్యాప్సూల్ టెస్ట్ స్టాండ్ మీద పేలిపోతే కారణం పట్టుకుని మార్చాకే మనుషుల్ని ఎక్కించింది. ఒకే కప్పు కింద రెండు వేగాలు.

కత్తెరతో రాకెట్ ఇంజన్ కోశారన్నది వాట్సాప్ కథేనా?

ఇది నిజమైనదే. 2010 డిసెంబర్, డ్రాగన్ మొదటి ఫ్లైట్‌కి ముందు చెకింగ్‌లో రెండో స్టేజి నాజిల్ (ఇంజన్ మంట బయటికొచ్చే గరాటు) చివర పగుళ్లు కనపడ్డాయి. ఆ భాగం రేకులా పల్చగా ఉంటది. మామూలుగా అయితే విప్పి కొత్తది వేసి మళ్లీ టెస్ట్ చేస్తే నెల పోతది. లెక్కలు వేసి చూస్తే పగిలిన అంచు కోసేసినా ఈ మిషన్‌కి కావాల్సిన శక్తి మిగులుద్దని తేలింది. టెక్నీషియన్‌ని ఫ్లోరిడాకి పంపి రేకు కత్తెరతో చుట్టూ కోయించారు, డిసెంబర్ 8న ఎగిరింది, పని అయింది. నాసా వాళ్లు కూడా ఒప్పుకున్నారు, నాకు అది ఇంకా ఆశ్చర్యం.

మస్క్ చెప్పే ఆ ఐదు స్టెప్పులు ఏంటి? ఆఫీసులో వాడుకోవచ్చా?

మస్క్ 2021లో ఒక ఇంటర్వ్యూలో ఫ్యాక్టరీ తిప్పి చూపిస్తూ చెప్పినవి. ముందు రిక్వైర్‌మెంట్‌నే అనుమానించు, అది ఏ డిపార్ట్‌మెంట్ పెట్టిందో కాదు ఏ మనిషి పెట్టాడో పేరు కనుక్కో. తర్వాత అవసరం లేని పార్టు తీసెయ్, తీసినవాటిలో పదో వంతన్నా మళ్లీ పెట్టాల్సి రాకపోతే నువ్వు సరిగ్గా తీయనట్టే. ఆ తర్వాతే మెరుగుపరచడం, ఆ తర్వాత స్పీడు, ఆటోమేషన్ అన్నిటికన్నా ఆఖర్న. మన ఆఫీసుల్లో సరిగ్గా తలకిందులుగా చేస్తారు, ముందు సాఫ్ట్‌వేర్ కొంటారు.

మొదటి స్టెప్పు విలువ నాకు ఎక్కడ తెలిసిందో చెప్తా. చదువైపోయాక మూడేళ్లు బాలానగర్‌లో ఒక చిన్న సీఎన్సీ షాపులో (కంప్యూటర్ మెషిన్లతో లోహం కోసే చోట) చేశా. ఒకసారి అల్యూమినియం బ్రాకెట్ ఆర్డర్ వచ్చింది, అరచేయంత ఉంటది, ఒక ఫేస్‌కి 20 మైక్రాన్ల టాలరెన్స్ ఇచ్చారు, అంటే కొలతలో అంతకు మించి తేడా రాకూడదు. పల్చటి ముక్క, వైస్ నుంచి తీయగానే వంగిపోతుంది, పదిలో నాలుగు రిజెక్ట్. మా ఫోర్‌మ్యాన్ మస్తానన్న డయల్ గేజ్ పక్కన పెట్టి "అసలు ఈ ఫేస్ దేనికి ఆనుతుందిరా?" అన్నాడు. ఎవరికీ తెలీదు. కస్టమర్‌కి ఫోన్ చేశాం, వాళ్లు డిజైన్‌ని అడగమన్నారు, డిజైన్ వాళ్లు క్వాలిటీని అడగమన్నారు, డ్రాయింగ్ మీద సంతకం చేసినాయన ఎప్పుడో వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్. రెండు నెలల తర్వాత తేలింది, ఆ ఫేస్ దేనికీ ఆనదు, గాల్లో ఉంటది, పాత డ్రాయింగ్ కాపీ కొట్టినప్పుడు ఆ అంకె అలాగే వచ్చేసింది. అప్పటికి స్క్రాప్ డబ్బా నిండింది, ఆ నష్టం మా ఓనర్‌కే. పేరు ఉండి ఉంటే ఒక్క ఫోన్ కాల్ పని.

## కంపెనీ పెద్దయ్యాక

గ్విన్ షాట్‌వెల్ ఎవరు? అందరూ మస్క్ మస్క్ అంటారు, ఆవిడ పేరు తక్కువ వినపడుతుంది

నన్నడిగితే స్పేస్‌ఎక్స్ నిలబడ్డానికి ఆవిడే సగం కారణం. 2002లో అమ్మకాలు చూడ్డానికి చేరింది, 2008 నుంచి ప్రెసిడెంట్. చేరినప్పుడు అమ్మడానికి ఏముందసలు, ఎగరని రాకెట్! ఫాల్కన్ 9 అప్పుడే మొదటిసారి లేచిన 2010 జూన్‌లోనే ఇరిడియం అనే శాటిలైట్ ఫోన్ల కంపెనీతో 49.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కుదిరింది. మస్క్ పైన కూర్చుని అసాధ్యమైన డేట్ చెప్తాడు, కింద ఇంజనీర్లు తల పట్టుకుంటారు, బయట కస్టమర్ కంగారుపడతాడు, ఈ ముగ్గురికీ మధ్యలో నిలబడి ఎవరి భాషలో వాళ్లకి చెప్పి పని జరిపించేది ఆవిడ. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలి పాత్ర అంటే తప్పుగా అనుకోకండి, ఆ పని చేసినోళ్లకే దాని బరువు తెలుసు.

బ్లూ ఆరిజిన్ ఎందుకంత స్లో?

వాళ్ల నినాదమే మెల్లగా, అడుగు తర్వాత అడుగు, కానీ కసిగా అని. గుర్తు తాబేలు. 2015 నవంబర్‌లో వాళ్ల చిన్న రాకెట్ న్యూ షెపర్డ్ అంతరిక్షం అంచుకెళ్లి తిరిగొచ్చి దిగింది, స్పేస్‌ఎక్స్ కన్నా నెల ముందే. ఆ తర్వాత పెద్ద రాకెట్ ఏళ్లకేళ్లు లేటైంది.

బెజోస్ చాలా కాలం వారానికి ఒక రోజు వచ్చే ఓనర్, ఏడాదికి వంద కోట్ల డాలర్ల దాకా అమెజాన్ షేర్లమ్మి పెట్టేవాడు. డబ్బు టైంకి వస్తది, ఓనర్ టైంకి రాడు. 2023 చివర్లో అమెజాన్ నుంచి డేవ్ లింప్‌ని సీఈఓగా తెచ్చాక ఊపు మారింది, ఆ పెద్ద రాకెట్ న్యూ గ్లెన్ 2025 జనవరి 16న మొదటి ప్రయత్నంలోనే ఆర్బిట్‌కి చేరింది, నవంబర్‌లో రెండో ఫ్లైట్‌కి బూస్టర్ (కింది స్టేజి) సముద్రంలో నౌక మీద దిగింది. స్పేస్‌ఎక్స్‌కి మొదటి నాలుగు ప్రయత్నాల్లో మూడు పోయాయి, న్యూ గ్లెన్ మొదటి రెండు ఫ్లైట్లూ ఆర్బిట్‌కి చేరాయి, తాబేలుని మరీ తీసిపారేయకండి. మధ్యలో ఫిబ్రవరిలో పది శాతం ఉద్యోగుల్ని తీసేశారు, అది కూడా ఆ కొత్త ఊపులో భాగమే.

బోయింగ్ అంత పెద్ద కంపెనీ కదా, స్పేస్‌ఎక్స్ చేతిలో ఎలా ఓడిపోయింది?

2014 సెప్టెంబర్‌లో మనుషుల్ని స్పేస్ స్టేషన్‌కి తీసుకెళ్లే పని నాసా ఇద్దరికీ ఇచ్చింది, బోయింగ్‌కి 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కి 260 కోట్లు. స్పేస్‌ఎక్స్ 2020 మే 30న మనుషుల్ని పంపింది. బోయింగ్ స్టార్‌లైనర్ 2019 డిసెంబర్‌లో ఖాళీగా వెళ్తేనే లోపలి గడియారం 11 గంటలు తప్పు చూపించి స్టేషన్ దాకా చేరలేదు, మనుషులతో వెళ్లింది 2024 జూన్‌లో. ఆ వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో డ్రాగన్‌లో తిరిగొచ్చారు, ఇది మన టీవీల్లో కూడా వారాల తరబడి చూపించారు.

సాఫ్ట్‌వేర్‌ని ముక్కలుముక్కలుగా టెస్ట్ చేసి, మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి కలిపి నడిపి చూడకపోవడం ఆ గడియారం తప్పుకి పెద్ద కారణం. ఎవరి ముక్క వాళ్లకి కరెక్టే, మొత్తానికి బాధ్యుడు లేడు.

అక్కడ పనిచేసేవాళ్ల బతుకెలా ఉంటది? అంతా రోజీ పిక్చరేనా?

కాదు. వారానికి 80 గంటలు మామూలు అని చేసినవాళ్లే చెప్తారు, పెళ్లిళ్లు విడిపోయినవాళ్లున్నారు. 2023 నవంబర్‌లో రాయిటర్స్ బయటపెట్టిన దాని ప్రకారం 2014 నుంచి స్పేస్‌ఎక్స్‌లో కనీసం 600 గాయాలు బయటికి రానివి ఉన్నాయి, వేళ్లు తెగినవి, తలకి దెబ్బలు, 2014లో మెక్‌గ్రెగర్‌లో ఒక మరణం కూడా. 2022 జూన్‌లో మస్క్ ప్రవర్తన గురించి లోపలే ఒక లేఖ తిరిగితే దాని వెనకున్నవాళ్లని తీసేశారు, ఎనిమిది మందిని అన్యాయంగా తీసేశారని అమెరికా కార్మిక బోర్డు 2024లో కేసు పెట్టింది.

నట్ తుప్పు గురించి అరిచి చెప్పొచ్చు, బాస్ గురించి మాత్రం చెప్పకూడదు అన్నట్టుంది. నా దృష్టిలో ఆ కల్చర్‌లో ఉన్న పెద్ద తుప్పు అదే.

మంచి టీం ఉండి కూడా మూతపడ్డ కంపెనీ ఉందా?

వర్జిన్ ఆర్బిట్. విమానం రెక్క కింద రాకెట్ కట్టి పైనుంచి వదిలేవాళ్లు, నాలుగు సార్లు ఆర్బిట్‌కి చేర్చారు కూడా. 2023 జనవరి 9న ఇంగ్లండ్ నుంచి ఎగరేసింది ఒక ఫ్యూయల్ ఫిల్టర్ ఊడిపోవడం వల్ల పోయింది. ఏప్రిల్‌కల్లా దివాలా. ఏడాదికి ఒకటి రెండు రాకెట్లు ఎగరేస్తూ వందల మంది జీతాలు మోయలేరు, ఎంత మంచి టీమైనా.

## మన దగ్గర

ఇస్రోలో ఇలాంటి కల్చర్ లేదంటారా?

ఎవరన్నారు? శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. కంప్యూటర్ ఆపమన్నా ముందుకెళ్లమన్న నిర్ణయం మిషన్ డైరెక్టర్ కలాం గారిది, ప్రెస్ ముందుకి మాత్రం ఛైర్మన్ సతీశ్ ధావన్ గారే వచ్చి బాధ్యత తీసుకున్నారు. 1980 జులై 18న సక్సెస్ అయ్యాక నువ్వెళ్లి మాట్లాడు అని కలాం గారిని పంపారు. ఈ కథ మీకు వాట్సాప్‌లో యాభై సార్లు వచ్చుంటది, వచ్చినా పర్లేదు, కలాం గారే స్వయంగా ఎన్నోచోట్ల చెప్పింది.

ఇస్రోకి తక్కువైంది ధైర్యం కాదు, కొనుగోళ్లలో స్వేచ్ఛ. ఒక వాల్వ్ పాడైతే స్టార్టప్ వాడు సాయంత్రానికి కార్డు గీకి తెచ్చుకుంటాడు, ప్రభుత్వ సంస్థలో టెండర్, మూడు కొటేషన్లు, ఆడిట్. అది ప్రజల డబ్బు కాబట్టి అలాగే ఉండాలి కూడా.

స్కైరూట్ రాకెట్ ఆర్బిట్‌కి వెళ్లిందనే కదా 2022లో అంత హడావిడి చేసింది?

కాదు, ఈ కన్‌ఫ్యూజన్ చాలామందికుంది. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్ ఒకే స్టేజి, ఆరు మీటర్ల పొడుగు, 89.5 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి సముద్రంలో పడిపోయేలాగే డిజైన్ చేసింది. మన దేశంలో ప్రైవేట్ రాకెట్ ఎగరడం అదే మొదటిసారి, హడావిడి అందుకు. ఆర్బిట్‌కి తీసుకెళ్లాల్సింది విక్రమ్-1, అది వేరే పెద్ద రాకెట్.

కంపెనీ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో చేసి 2018లో బయటికొచ్చినవాళ్లే. ఏదో కాలేజీ డార్మ్‌లో పుట్టిన స్టార్టప్ కాదు, ఇస్రో పద్ధతి ఒంట్లో ఉన్నవాళ్లు స్టార్టప్ వేగంతో చేస్తే ఎలా ఉంటదో చూసే ప్రయోగం. నాకు ఆసక్తి అక్కడే.

చెన్నై అగ్నికుల్‌ది ఇంకో రకం పాఠం. 3డీ ప్రింటింగ్‌లో ఒకే ముక్కగా చేసిన ఇంజన్‌తో 2024 మే 30న ఎగరేశారు, అంతకు ముందు నాలుగు సార్లు ఆఖర్లో ఆపేశారు, ఒకసారి అయితే కొన్ని సెకన్ల ముందు. టీవీలు చూస్తున్నప్పుడు వద్దు అనడం ఎగరేయడం కన్నా కష్టం.

శిరీష బండ్ల, గోపీచంద్ తోటకూర అంతరిక్షానికి వెళ్లింది కూడా ఇలాంటి కంపెనీల్లోనేనా?

అవును. గుంటూరు ప్రాంతంలో పుట్టిన శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్‌లో వెళ్లింది, ఆవిడ ఆ కంపెనీ ఉద్యోగి కూడా. విజయవాడలో పుట్టిన గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ న్యూ షెపర్డ్‌లో వెళ్లాడు. రెండూ పైకెళ్లి నిమిషాల్లో దిగే ప్రయాణాలు, భూమి చుట్టూ తిరిగేవి కావు.

ఎంఎస్‌కి వెళ్తున్నా, స్పేస్‌ఎక్స్‌లో జాబ్ కొట్టొచ్చా బ్రో?

ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకోకు. రాకెట్ టెక్నాలజీ అమెరికాలో ఆయుధాల ఎగుమతి చట్టం కిందకొస్తది. సిటిజన్, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, శరణార్థిగా గుర్తింపు ఉన్నవాళ్లకే దారి సులువు. ఎఫ్1, హెచ్1బీ మీద రాకెట్ కంపెనీలో టెక్నికల్ జాబ్ దాదాపు రాదు, నీ మార్కులు ఎన్నయినా సరే. ఏరోస్పేస్ ఎంఎస్‌కి యాభై అరవై లక్షల లోన్ తీసుకునే ముందు ఇంట్లో వాళ్లకి కూడా ఈ సంగతి చెప్పు. స్ట్రక్చర్స్, కంట్రోల్స్, కంప్యూటేషనల్ పనులు నేర్చుకుంటే వేరే ఇండస్ట్రీల్లో చోటుంటది.

మాది బాలానగర్‌లో నాలుగు మెషిన్ల షాపు, ఈ కంపెనీల నుంచి మాకు ఆర్డర్లు వస్తాయా?

వస్తాయండి, అదే ఏరియాలో ఎంటార్ అనే కంపెనీ 1970లో మొదలై ఇస్రోకి వికాస్ ఇంజన్ పార్టులు చేసేదాకా వెళ్లింది. రాత్రికి రాత్రి కాదు. ముందు మెషిన్ల గురించి కాకుండా కాగితాల గురించి చూసుకోండి. మీ దగ్గరికొచ్చిన ప్రతి రాడ్డుకీ మిల్ టెస్ట్ సర్టిఫికెట్ దాచండి, ఏ ముక్క ఏ హీట్ నంబర్‌లోంచి (కరిగించి పోసిన లోహపు బ్యాచ్‌లోంచి) కోశారో రాసిపెట్టండి, రిజెక్ట్ అయిన ముక్కని గుట్టుచప్పుడు కాకుండా స్క్రాప్‌లో వేయకుండా ఎందుకు పోయిందో రాసి కస్టమర్‌కి చూపించండి. ఏరోస్పేస్ క్వాలిటీకి ఇచ్చే ఏఎస్9100 సర్టిఫికెట్‌కి కన్సల్టెంట్ దగ్గరికెళ్తే ఆయన అడిగేది కూడా ముందు ఈ రిజిస్టర్లే. మీ దగ్గర ఆరు నెలల రిజిస్టర్ ఉంటే ఆయన ఫీజు బేరమాడొచ్చు.